ఇంటి గుమ్మానికీ పని గుమ్మానికీ మధ్య

ఇవాళ మీతో ఒక దారి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. కాశీకి పోయే దారి కాదు, రామేశ్వరం దారీ కాదు. మనింటి మగవాళ్ళో, అమ్మాయిలో, కోడళ్ళో రోజూ ఉద్యోగానికి పోయి వచ్చే దారి.

"మీ వారిది ఎన్ని గంటల డ్యూటీ అండీ?" అని పక్కింటావిడ అడిగితే "ఎనిమిది గంటలు" అని ఠక్కున చెప్పేస్తాం. తెనాలిలో పొద్దున్నే రైలెక్కి బెజవాడ పోయే గుమాస్తా ఇంట్లో అడిగి చూడండి. కాజీపేట నుంచి సికింద్రాబాదుకు రోజూ తిరిగే టీచరమ్మను అడగండి. ఈసీఐఎల్ దగ్గర కాపురముండి మాదాపూర్‌లో ఉద్యోగం చేసే అమ్మాయిని అడగండి. ఆఫీసు పుస్తకంలో ఎనిమిది గంటలే. ఇంటి గడియారంలో మాత్రం పదకొండు, ఒక్కోసారి పన్నెండు. ఆ మిగతా మూడు నాలుగు గంటలు ఎవరివి? జీతమిచ్చేవాడివా, మనవా? అవి ఎవరి లెక్కలోకీ రావా?

ఇది ఊసుపోక వేసే ప్రశ్న కాదండీ. దీనికోసం కోర్టులెక్కినవాళ్ళున్నారు. చట్టాలు పుట్టాయి, పుట్టిన చట్టాలు తిరగబడ్డాయి. ఆ కథ తెలుసుకుంటే, రేపు మనింట్లో పిల్లకో పిల్లవాడికో ఉద్యోగం ఉత్తర్వు వచ్చినప్పుడు ఏమేం చూసుకోవాలో మనకే తెలుస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పుకుందాం. దారికి మూడు ఖర్చులుంటాయి. ఒకటి డబ్బు, అంటే బస్సు చార్జీయో పెట్రోలో. రెండోది ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం. మూడోది కాలం. మొదటి రెంటికీ ఎంతో కొంత లెక్క కట్టడం లోకం నేర్చుకుంది. మూడోదాని దగ్గరే ఇంకా చెయ్యి వెనక్కి తీస్తోంది. నేను చెప్పబోయేదంతా ఈ మూడు ఖర్చుల కథే.

ఈ కాలం లెక్క మొదట గట్టిగా అడిగినవాళ్ళు గని కార్మికులు. ఎందుకో మన కొత్తగూడెం, బెల్లంపల్లి వైపు ఆడవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. గని పనివాడు గని మొగదల దగ్గరికి చేరినంత మాత్రాన పని దగ్గరికి చేరినట్టు కాదు. అక్కణ్ణించి భూమిలోకి దిగాలి. చీకట్లో, నడుం వంచుకుని, ఎక్కడ బొగ్గు తవ్వుతున్నారో అక్కడిదాకా పోవాలి. గనుల వయసు పెరిగేకొద్దీ ఆ దూరమూ పెరుగుతుంది. మరి ఆ దిగడానికీ ఎక్కడానికీ పట్టిన సమయం పనా, కాదా? 1931లో అంతర్జాతీయ కార్మిక సంస్థ బొగ్గు గనులకోసం ఒక ఒప్పందం తయారుచేసింది. గనిలో ఉండే సమయం రోజుకు 7 గంటల 45 నిమిషాలు మించకూడదని, ఆ లెక్క భూమిలోకి దిగే బోనులో అడుగుపెట్టినప్పటినుంచి తిరిగి బయటపడేదాకా కట్టాలని అందులో రాశారు. చాలినన్ని దేశాలు సంతకం పెట్టక ఆ ఒప్పందం అమల్లోకి రాలేదు గానీ, దారి కూడా పనిలో భాగమేనన్న మాట మాత్రం కాగితం మీదకెక్కింది.

ఆ మాట పెద్ద కోర్టు దాకా వెళ్ళింది అమెరికాలో. 1938లో ఆ దేశం ఒక చట్టం చేసింది. గంటకు 25 సెంట్లకు తక్కువ కూలి ఇవ్వరాదని, వారానికి ఇన్ని గంటలు దాటితే ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని. ఎంతో మంచి చట్టం. అయితే "పని" అంటే ఏమిటో అందులో రాయడం మరిచారు. తద్దినం పెట్టేవాడు తిథి మరిచినట్టయింది.

అలబామా రాష్ట్రంలో ఇనుప ఖనిజం గనులున్నాయి. అక్కడి కార్మికులు ఖనిజం మోసే తొట్లలోనే ఒకరి మీద ఒకరు పడుతూ, తల పైకెత్తడానికి వీల్లేకుండా కిందికి దిగి, ఆపైన నడిచి పనిచోటుకు చేరేవాళ్ళు. కంపెనీలేమో, పలుగు పట్టినప్పటినుంచే కూలి అన్నాయి. ఆ దారంతా మీ సొంతమే అన్నాయి. 1944లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. యజమాని చెప్పినందువల్ల, యజమాని లాభంకోసం ఒళ్ళు హూనం చేసుకునేదంతా పనే, దానికి కూలి ఇవ్వాల్సిందే అంది. చూశారా, ఎంత సూటిగా చెప్పిందో! సరదాకి ఎవరైనా ఖనిజపు తొట్టిలో కూర్చుని పాతాళానికి దిగుతారా?

రెండేళ్ళకు, 1946లో, మిషిగన్ రాష్ట్రంలోని ఒక పింగాణీ పాత్రల ఫ్యాక్టరీ కేసు వచ్చింది. సుమారు 1,200 మంది పనివాళ్ళు. ఫ్యాక్టరీ ఎనిమిది ఎకరాల పైన విస్తరించి ఉండేది. గేటు దాటి, హాజరు గడియారంలో కార్డు గుద్ది, అక్కణ్ణించి తమ బల్ల దాకా నడిచి, ఏప్రన్ కట్టుకుని, చేతులకు పట్టీలు చుట్టుకుని సిద్ధం కావాలి. ఆ కాస్త సమయానికీ కూలి అడిగారు. ఇవ్వాలంది కోర్టు.

ఇంకేముంది, దేశమంతా గుప్పుమంది. కొద్ది నెలల్లోనే దాదాపు 2,000 దావాలు పడ్డాయి. అడిగిన బకాయిలన్నీ కలిపితే 500 కోట్ల డాలర్లు దాటింది. వ్యాపారులు గుండెలు బాదుకున్నారు. 1947 మే నెలలో ఆ దేశపు పార్లమెంటు ఇంకో చట్టం చేసి తలుపు మూసేసింది. దాని పేరే "గుమ్మం నుంచి గుమ్మం దాకా" అని అర్థమొచ్చేట్టు ఉంటుంది. పనిచోటుకు పోయి రావడానికి, పనికి ముందూ వెనకా జరిగే చిల్లర మల్లర పనులకు, ఒప్పందంలోనో ఆనవాయితీలోనో ఉంటే తప్ప, కూలి ఇవ్వనక్కర్లేదని ఆ చట్టం. ఆ పింగాణీ ఫ్యాక్టరీ వాళ్ళ సంగతేమయిందనుకున్నారు? అంతకు మూడు నెలల ముందే కింది కోర్టు మళ్ళీ విచారించి, ఆ నడక సమయం లెక్కపెట్టదగినంత కాదని కొట్టేసింది. అడిగినవాళ్ళకు దక్కిందేమీ లేదు. వాళ్ళు అడిగిన ప్రశ్న మాత్రం మిగిలింది.

ఆ ప్రశ్న 2014లో మళ్ళీ పైకొచ్చింది. అమెజాన్ గోదాములో పనిచేసేవాళ్ళు రోజూ పని అయ్యాక తనిఖీ వరసలో నిలబడాలి, దానికే 25 నిమిషాల దాకా పడుతోంది, ఆ సమయానికి కూలి ఇప్పించండన్నారు. 1947 చట్టం చూపించి సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఏకగ్రీవంగా కాదన్నారు. బయటికి పోనివ్వకుండా నిలబెట్టింది యజమాని, నిలబడ్డ కాలం మాత్రం పనివాడిది.

ఇక మన దేశానికి వద్దాం. మన దగ్గర ఈ కథ కూలితో మొదలవలేదు, కన్నీటితో మొదలయింది. దారిలో మనిషి పోతే వెనకున్న భార్యాబిడ్డల గతేమిటి అన్నదే మన కోర్టులు మొదట విన్న ప్రశ్న.

1923లో తెల్లదొరల కాలంలోనే కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. పని కారణంగా, పని జరుగుతుండగా ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. ఇల్లు వదిలి బయల్దేరితే పని మొదలైనట్టా? ఫ్యాక్టరీ గేటు దాటితేనే మొదలైనట్టా? చట్టం చెప్పలేదు.

గుజరాత్‌లో పోరుబందరు దగ్గర ఉప్పు పనివాళ్ళు ఉప్పు మళ్ళకు చేరాలంటే సముద్రపు పాయ దాటాలి. 1952 జూన్‌లో పని ముగించుకుని ఇంటికి తిరిగొస్తుండగా పడవ మునిగి కొందరు చనిపోయారు. ఆ పాయ దాటకపోతే ఆ పనే లేదు కదా అని మనమంటాం. 1958లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ పడవ యజమానిది కాదు, అది అందరూ ఎక్కే రేవు పడవ, పనివాడు అందరిలాగే దారిలో పోతున్నాడు, కాబట్టి పరిహారం లేదంది. ఆ తీర్పులోనే ఒక మాట మాత్రం ఒప్పుకుంది. పని సరిహద్దు సరిగ్గా గేటు దగ్గరే ఆగిపోదు, సమయంలోనూ స్థలంలోనూ అటూ ఇటూ కాస్త సాగుతుంది అని. ఎంత సాగుతుందన్నదే పేచీ.

ఆ సరిహద్దును బాగా సాగదీసిన తీర్పు 1963లో వచ్చింది. అందులో మన తెలుగాయన చెయ్యి ఉంది. 1957 జులైలో బొంబాయి నగర బస్సు సంస్థలో ఒక డ్రైవరు జోగేశ్వరి డిపోలో డ్యూటీ దిగి, అదే సంస్థ బస్సెక్కి ఇంటికి బయల్దేరాడు. దారిలో ఆ బస్సు ఆగి ఉన్న లారీకి గుద్దుకుంది. కొద్ది రోజులకు ఆయన ఆసుపత్రిలో పోయాడు. భార్య పరిహారం అడిగింది. డ్యూటీ అయిపోయింది కదా, అప్పుడతను అందరిలా ప్రయాణికుడే అంది సంస్థ.

ఆ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు మెజారిటీ తీర్పు రాసినవారు కోకా సుబ్బారావుగారు. మన రాజమండ్రి వారు. ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన ఆలోచన చూడండి. యూనిఫారంలో ఉన్న డ్రైవర్లను సంస్థ ఉచితంగా బస్సెక్కనిస్తుంది. అది దయ కాదు. అంత పెద్ద నగరంలో డ్రైవరు సమయానికి రావాలన్నా, అలసిపోకుండా ఉండాలన్నా ఆ ప్రయాణం సంస్థకే అవసరం. అంచేత ఆ బస్సులో ఉన్నంతసేపూ అతను పనిలో ఉన్నట్టే. అలా ఆ ఇల్లాలు గెలిచింది. ఆ ధర్మాసనంలోనే ఒక న్యాయమూర్తి దీనికి ఒప్పుకోలేదంటే, విషయం ఎంత చిక్కుగా ఉండేదో తెలుస్తుంది.

సొంత సైకిలు మీద పోయేవాళ్ళకు మాత్రం ఆ వెసులుబాటు రాలేదు. 1971లో కేరళలో ఒకాయన సైకిలు మీద ఫ్యాక్టరీకి పోతున్నాడు. గేటు ఇంకా కిలోమీటరు దూరముంది. లారీ గుద్దింది. బీమా సౌకర్యం అడిగాడు. ఆ కేసు నడిచి నడిచి 1996లో సుప్రీంకోర్టులో తేలింది. పని ఇంకా మొదలవలేదు, కనుక రాదని. ఇరవై అయిదేళ్ళు! అప్పుడు పుట్టిన బిడ్డ పెళ్ళీడుకొచ్చేంత కాలం.

2010లో చట్టమే మారింది. ఈఎస్ఐ చట్టంలో కొత్త సెక్షన్ చేర్చారు. ఇంటినుంచి పనికి పోతున్నప్పుడు గానీ, తిరిగొస్తున్నప్పుడు గానీ ప్రమాదం జరిగితే, ఆ సమయానికీ స్థలానికీ పరిస్థితికీ ఉద్యోగంతో సంబంధం ఉందని తేలితే, అది పనిలో జరిగిన ప్రమాదమే. ఇది జూన్ 1, 2010 నుంచి అమల్లోకొచ్చింది. ఈఎస్ఐ లేనివాళ్ళ మాటేమిటి? మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు, తెల్లవారుజామున మూడు గంటల డ్యూటీకి బండి మీద పోతూ, ఇంకా అయిదు కిలోమీటర్ల దూరముండగా 2003లో ప్రమాదంలో పోయాడు. ఆ కుటుంబానికి న్యాయం 2025 జులైలో దక్కింది. నష్టపరిహార చట్టం కిందా దారి ప్రమాదం పని ప్రమాదమేనని, ఉద్యోగంతో సంబంధం కనిపిస్తే చాలునని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ మాట ఉంది. అంటే పోరుబందరు పడవ మునిగినప్పటినుంచి లెక్కేస్తే డెబ్భై ఏళ్ళు దాటాక, మన చట్టం గేటు దాటి ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

ఇది ఇళ్ళల్లో ఉండే మనకే ముందు తెలియాలి. ప్రమాదం జరిగిన రోజున కంగారులో ఎవరూ చట్టం పుస్తకం తీయరు. "రోడ్డు మీద జరిగింది కదమ్మా, మాకేం సంబంధం" అని పైవాళ్ళంటే నోరు మూసుకుని రాకూడదు. డ్యూటీ వేళ తెలిపే కాగితం, ప్రమాదం ఎప్పుడు ఎక్కడ జరిగిందో చెప్పే పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితాలు, ఈ మూడూ జాగ్రత్తగా దాచిపెట్టుకోవాలి. సంబంధం ఉందని చూపించాల్సింది వాటితోనే.

ఇక డబ్బు సంగతి. చార్జీ కొంత భరించడమన్నది ప్రభుత్వోద్యోగులకు నెమ్మదిగా వచ్చింది. అయిదో వేతన సంఘం సిఫారసుతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1997 ఆగస్టు నుంచి ఇంటికీ ఆఫీసుకూ మధ్య రాకపోకలకు రవాణా భత్యం మొదలయింది. ఊరు దాటి డ్యూటీ మీద పంపితే ఇచ్చే టీఏ వేరు, ఇది వేరు. రెండూ ఒకటే అనుకుని చాలామంది పొరబడతారు. ప్రైవేటు ఉద్యోగాల్లో ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ఇచ్చినా అది మామూలుగా "వేతనం"లోకి రాదని గుర్తుంచుకోండి. మూలవేతనం తగ్గించి భత్యాలు పెంచి చూపిస్తే నెలాఖరున చేతికొచ్చేది బాగానే ఉంటుంది, పీఎఫ్, గ్రాట్యుటీ దగ్గర చిక్కిపోతుంది. అందుకే కొత్త వేతన కోడ్‌లో ఇలాంటి భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరా వేతనంగానే చూడాలని పెట్టారు.

మన ఆడవాళ్ళకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇళ్ళల్లో పాచిపని చేసే మనిషికి, బట్టల దుకాణంలో నిలబడే పిల్లకు ఇది చిన్న సాయం కాదు. చార్జీకి జడిసి దూరపు పని వదులుకునేవాళ్ళు ఇప్పుడు ధైర్యం చేయగలరు. డబ్బు ఖర్చు తీరింది. కాలం ఖర్చు మాత్రం అలాగే ఉంది. బస్సు స్టాపులో నిలబడ్డ అరగంటను ఎవరు తెచ్చిస్తారు?

దారిలో గడిచిన కాలానికి కూడా కూలి ఇవ్వాలని సూటిగా రాసుకున్న చట్టం మన దేశంలో ఒకటి ఉండేది. 1979 నాటి వలస కార్మికుల చట్టం. ఒక రాష్ట్రంనుంచి ఇంకో రాష్ట్రానికి కూలీలను తీసుకుపోయే గుత్తేదారు రానూ పోనూ చార్జీ ఇవ్వాలి, పైగా ఆ ప్రయాణపు రోజులకు, పనిలో ఉన్నట్టే లెక్కగట్టి, కూలీ ఇవ్వాలి. పాలమూరు జిల్లానుంచి దేశమంతా ఆనకట్టలకు, కాలవలకు మట్టి మోయడానికి పోయినవాళ్ళు మనవాళ్ళే. రెండు మూడు రోజులు రైలులో కూర్చుని పోయే మనిషికి ఆ మాట ఎంత విలువైనదో ఆలోచించండి. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త కోడ్‌లో సొంతూరికి పోయి రావడానికి చార్జీ మొత్తం ఇవ్వాలని ఉంది. దారిలో గడిచిన రోజులకు కూలి అన్న మాట మాత్రం లేదు. ఉన్న ఒక్క మాటా పోయింది.

యూరపులో 2015లో మరో తీర్పు వచ్చింది. స్పెయిన్‌లో దొంగల భయం లేకుండా ఇళ్ళకూ దుకాణాలకూ అలారాలు బిగించే ఒక కంపెనీ, ఊళ్ళల్లో ఆఫీసులు మూసేసి, పనివాళ్ళను ఇంటినుంచే నేరుగా ఖాతాదారుల దగ్గరికి పొమ్మంది. కొందరికి వంద కిలోమీటర్ల పైన దూరం. ఆఫీసు మూసింది మీరు, దూరం పెంచింది మీరు, కనుక మొదటి ఖాతాదారు దగ్గరికి పోయేదీ, చివరి ఖాతాదారు దగ్గర్నుంచి ఇంటికొచ్చేదీ పని సమయమేనని యూరపు కోర్టు చెప్పింది. దానికి ఎంత జీతమన్నది ఆయా దేశాల చట్టం చూసుకోవాలంది. అయినా స్థిరమైన ఆఫీసు లేని మనిషికి దారే ఆఫీసు అన్న సంగతి ఒప్పుకున్నట్టయింది. ఇంటింటికీ తిరిగి మిషన్లు బాగుచేసే మన కుర్రవాళ్ళ విషయంలో ఆలోచించాల్సిన మాటే ఇది.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను. పోయినవాళ్ళ కాలంతో పాటు ఇంట్లో ఉన్నవాళ్ళ కాలమూ ఆ దారిలోనే ఖర్చవుతుంది. ఏడింటి బస్సందుకోవాలంటే ఇంట్లో స్టవ్ అయిదింటికి వెలగాలి. ఆయన వచ్చేసరికి రాత్రి తొమ్మిదైతే పిల్లల చదువు, పెద్దవాళ్ళ మందులు, కరెంటు బిల్లు, అన్నీ ఇంటామె మీదే పడతాయి. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. ఉద్యోగం చేసే ఆడమనిషికైతే అటు దారి, ఇటు ఈ నిమిషాలు, రెండూ ఉంటాయి.

అందుకని ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో జీతం అంకె ఒక్కటే చూడకండి. పనిచోటు ఇదేనని కాగితం మీద రాశారా, లేక ఎక్కడికి పంపినా పోవాలని ఉందా? బయటి ఊళ్ళకు పంపితే చార్జీ, బస ఎవరు భరిస్తారు? ఆదివారం ప్రయాణం చేస్తే బదులు సెలవుందా? అమ్మాయికి రాత్రి డ్యూటీ పడితే ఇంటిదాకా బండి పంపుతారా, సందు చివర దింపి పోతారా? ఇవి అడగడం గొంతెమ్మ కోరికలు కాదు. అడిగి రాయించుకోవాలి. అమెరికా చట్టం కూడా ఒప్పందంలో ఉంటే ఇవ్వాల్సిందే అంది కదా!

ఆపైన ఒక చిన్న లెక్క వేసుకోండి. నెల జీతంలోంచి దారి ఖర్చు తీసేయండి. మిగిలినదాన్ని ఆఫీసు గంటలతో కాదు, గుమ్మం దాటినప్పటినుంచి గుమ్మం తొక్కేదాకా పట్టిన గంటలతో భాగించండి. దూరాన ఇరవై అయిదు వేల ఉద్యోగం కంటే, దగ్గర్లో ఇరవై వేల ఉద్యోగమే గంటకు ఎక్కువిస్తోందని తేలొచ్చు. తేలకపోనూ వచ్చు. కానీ తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు.

కోర్టులు ప్రాణానికి లెక్క కట్టాయి. ప్రభుత్వాలు చార్జీకి కొంత లెక్క కట్టాయి. కాలానికి లెక్క కట్టేవాళ్ళు వచ్చేదాకా ఆ లెక్క మన ఇంట్లో మనమే రాసుకుందాం. రాయడం మొదలుపెడితే, అడగడం దానంతటదే వస్తుంది. సెలవు.